పడిశం, దగ్గు: ఇంటి పట్టున సంరక్షణ

ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర, దగ్గు, ఒళ్ళు వెచ్చబడటం. ఇవన్నీ కలిసి వస్తే కోస్తా జిల్లాల్లో పడిశం పట్టిందనీ రొంప చేసిందనీ అంటారు. తెలంగాణలో సర్ది అయిందంటారు. ఆస్పత్రి చీటీ మీద జలుబు అని రాస్తారు. వైద్యుల లెక్కలో ఇది శ్వాసమార్గం పై భాగానికి, అంటే ముక్కుకీ గొంతుకీ సోకే ఇన్ఫెక్షన్. మనిషికి అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే జబ్బు ఇదే. పెద్దవాళ్ళకు ఏడాదికి 2, 3 సార్లు, చిన్నపిల్లలకు 6 నుంచి 8 సార్లు రావడం మామూలు. బడిలో కొత్తగా చేరిన పిల్లవాడికి నెల తిరక్కుండానే మళ్ళీ పట్టిందంటే వాడిలో ఏదో లోపం ఉందని తల్లి బెంగపడనక్కర్లేదు.

పడిశం పది రోగాల పెట్టు అని సామెత. నూటికి తొంభై మంది విషయంలో ఈ సామెత చెల్లదు. వాళ్ళకు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. మిగిలిన కొద్దిమందికి, ముఖ్యంగా నెలల పిల్లలకు, ముసలివాళ్ళకు, ఉబ్బసం, గుండెజబ్బు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు సామెత అక్షరాలా నిజం కావచ్చు. అందుకే ఇంట్లో చేయవలసిన పనులు రెండే: రోగికి సుఖం కలిగించడం, కళ్ళు తెరుచుకుని కనిపెట్టి ఉండటం. మన ఇళ్ళలో మొదటి పనికి ఉన్న ఓపిక రెండోదానికి తక్కువ. ఈ రెండూ కాక మూడో పని ఒకటి పెట్టుకుంటాం, త్వరగా తగ్గించాలన్న ఆత్రంతో మందుల మీద మందులు పోయడం. నష్టం ఎక్కువగా అక్కడినుంచే వస్తోంది.

ఎందుకు వస్తుంది

జలుబును కలిగించే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. అందులో పెద్ద కుటుంబం రైనోవైరస్‌లది, వాటిలోనే 160కి పైగా రకాలున్నాయి. ఒక రకానికి ఒంట్లో రక్షణ తయారయ్యేసరికి ఇంకో రకం ఎదురవుతుంది. జలుబుకు టీకా రాకపోవడానికీ, జీవితాంతం మళ్ళీ మళ్ళీ వస్తుండటానికీ ఇదే కారణం. రైనోవైరస్ 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది. ముక్కు లోపలి వేడి దాదాపు అంతే, ఊపిరితిత్తుల్లో 37. అది ముక్కుని పట్టుకుని వేలాడటంలో ఆశ్చర్యం లేదు. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కరోనా జాతి వైరస్‌లు కూడా మొదట జలుబు వేషంలోనే వస్తాయి. ఫ్లూ అయితే తేడా తెలుస్తుంది: గంటల వ్యవధిలో పెద్ద జ్వరం, కీళ్ళూ కండరాలూ విరిచేసినట్టు నొప్పి, మంచం దిగలేనంత నీరసం. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య మరొకసారి ఉద్ధృతమవుతుంది.

వానలో తడిస్తే, తలారబెట్టుకోకపోతే జలుబు చేస్తుందని పెద్దవాళ్ళు అంటారు. ఇందులో నిజమెంతో తేల్చడానికి శాస్త్రవేత్తలు చాలా శ్రమపడ్డారు. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో 1946లో జలుబు పరిశోధన కోసమే ఒక కేంద్రం పెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. వేలమంది వాలంటీర్లు పది రోజుల చొప్పున అక్కడ ఉండి ముక్కులో వైరస్ చుక్కలు వేయించుకునేవారు. తొలినాళ్ళలో కొందరిని వేణ్ణీళ్ళ స్నానం తర్వాత తడి ఒంటితో చలిగాలిలో నిలబెట్టి చూశారు. వాళ్ళకు జలుబు ఎక్కువగా ఏమీ రాలేదు. 2005లో కార్డిఫ్‌లో 90 మంది పాదాలను 20 నిమిషాలు చన్నీళ్ళలో ఉంచితే, తర్వాతి నాలుగైదు రోజుల్లో వారిలో 13 మందికి జలుబు లక్షణాలు కనిపించాయి. నీళ్ళలో కాళ్ళు పెట్టని 90 మందిలో 5గురికే వచ్చాయి. వైరస్ లేనిదే జలుబు లేదు. అప్పటికే ముక్కులో చేరి ఉన్న వైరస్‌కు చలి దారి ఇస్తుండవచ్చు. బామ్మ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం.

నిద్ర సంగతి మాత్రం స్పష్టంగా తేలింది. అమెరికాలో 164 మందికి వారం పాటు నిద్ర కొలిచి ఆ తర్వాత ముక్కులో రైనోవైరస్ వేశారు. ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయినవాళ్ళకు, ఏడు గంటలు దాటి నిద్రపోయినవాళ్ళతో పోలిస్తే నాలుగు రెట్లు ఎక్కువగా జలుబు పట్టింది. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

జబ్బు నడక

వైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో గొంతులో గరగర మొదలవుతుంది. రెండో రోజుకి తుమ్ములు, నీళ్ళలాంటి చీమిడి. మూడో రోజుకి ముక్కు దిబ్బడ వేసి, చీమిడి చిక్కబడి పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో మారుతుంది. ఈ రంగును చూసి చాలామంది కంగారుపడతారు, లోపల చీము పట్టిందనుకుని యాంటీబయాటిక్ కోసం పరిగెత్తుతారు. వైరస్‌తో పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాల్లో ఆకుపచ్చటి ఎంజైమ్ ఒకటి ఉంటుంది. రంగు దానిదే. అది శరీరం పని చేస్తున్నదనడానికి గుర్తు.

ముక్కు వారంలో కుదుటపడుతుంది. దగ్గు అలా కాదు. చల్లారిన పొయ్యిలో నిప్పులా ఇంకా ఉండిపోతుంది. పరిశోధనలన్నీ కలిపి చూస్తే జలుబు తర్వాతి దగ్గు సగటున 18 రోజుల దాకా ఉంటుంది. ఎన్నాళ్ళుంటుందనుకుంటున్నారని జనాన్ని అడిగితే వారం రోజులని చెబుతారు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న పదిరోజుల తేడాలోనే మన మందుల షాపుల్లో సగం సిరప్‌లు అమ్ముడవుతాయి. ఎనిమిదో రోజు దగ్గు ఉందంటే జబ్బు ముదిరినట్టు కాదు, అది తన దారిన పోతోందని తెలుసుకుంటే ఎంతో డబ్బూ ఎంతో భయమూ మిగులుతాయి. అయితే ఒక షరతు ఉంది. రోజురోజుకీ కొంచెమైనా తగ్గుతూ ఉండాలి. తగ్గినట్టే తగ్గి, ఐదో రోజునో ఆరో రోజునో మళ్ళీ జ్వరం ఎగదన్నితే, చెవి పోటు వస్తే, బుగ్గల మీదా కళ్ళ కింద ఎముకలోనూ నొప్పి పుడితే బాక్టీరియా చేరి ఉండవచ్చు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

గొంతు నొప్పిలో ఒక రకాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. దగ్గూ జలుబూ లేకుండా, జ్వరంతో, మింగుడు పడనంత నొప్పితో, మెడ ముందు బిళ్ళలు కట్టి, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు వస్తే అది స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా పని కావచ్చు. సకాలంలో వైద్యం జరగకపోతే కొందరిలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడతాయి. మన దేశంలో ఈ గుండెజబ్బు ఇంకా ఉంది. ఇలాంటి గొంతు నొప్పికి కషాయాలతో కాలం గడపడం తప్పు.

ఇంటి ఉపచారాలు

లంఖణం పరమౌషధం అనే మాట పట్టుకుని పడిశం పట్టినవాళ్ళను పస్తు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆకలి లేనివాడికి బలవంతంగా పెట్టనక్కర్లేదు గాని, అడిగినవాడికి పెట్టకపోవడం, అందులోనూ పిల్లలకు, హానికరం. జావ, మెత్తటి అన్నంలో చారు, ఇడ్లీ, కిచిడీ కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టాలి. పెరుగు, అరటిపండు తింటే కఫం పెరుగుతుందని మాన్పిస్తారు. పాలు కఫాన్ని పెంచుతాయా అని ఆస్ట్రేలియాలో రైనోవైరస్ సోకిన 60 మంది వాలంటీర్లు కారిన చీమిడిని తూకం వేసి మరీ చూశారు. తాగిన పాలకూ, వచ్చిన చీమిడికీ సంబంధం కనిపించలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగు మండే గొంతుకు సహించకపోవచ్చు, అది వేరే సంగతి. మామూలు పెరుగన్నం తినాలనిపిస్తే తినవచ్చు.

వేడివేడి మిరియాల చారు ఇంటిల్లిపాదికీ తెలిసిన మందు. చింతపండు పులుసులో దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి పడి మరుగుతుంటే ఆ ఘాటుకే ముక్కు సగం విడుతుంది. గ్లాసులో పోసుకుని ఊదుకుంటూ తాగుతుంటే ముక్కుకు ఆవిరి, గొంతుకు వెచ్చదనం, ఒంటికి నీళ్ళూ ఉప్పూ ఒకేసారి అందుతాయి. 2008లో కార్డిఫ్‌లో 30 మంది రోగులకు ఒకే పండ్లరసాన్ని కొందరికి వేడిగా, కొందరికి గది వేడిలో ఇచ్చి చూస్తే, వేడిగా తాగినవాళ్ళకు దగ్గు, గొంతు నొప్పి, వణుకు, అలసట వెంటనే ఉపశమించాయి. అక్కడ పండ్లరసం చేసిన పని ఇక్కడ మన చారు చేస్తుంది. శొంఠి కాఫీ, అల్లం టీ, తులసి నీళ్ళు, నాటుకోడి పులుసు కూడా ఇదే కోవలోవి. పసుపు పాలలో మిరియాల పొడి వేయడం వెనక ఒక నిజముంది. మిరియాల్లోని పైపరిన్ తోడైతే పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువగా పడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. అంతమాత్రాన పసుపు పాలు జలుబును నయం చేస్తాయని చెప్పలేం. రాత్రిపూట గొంతు తడిపి నిద్ర పట్టిస్తాయి, అది చాలు.

తేనెకు మాత్రం పరీక్షల్లోనే మంచి పేరు వచ్చింది. 2007లో అమెరికాలో 105 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, పడుకునే ముందు ఇచ్చిన తేనె రాత్రి దగ్గును తగ్గించడంలో డెక్స్‌ట్రోమెథార్ఫన్ అనే దగ్గు మందుకు తీసిపోలేదు. ఇజ్రాయెల్‌లో ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలు 300 మందితో చేసిన పరిశోధన కూడా 2012లో తేనె రాత్రి దగ్గును తగ్గిస్తుందనే చెప్పింది. ఏడాది దాటిన పిల్లలకు పడుకోబోయే ముందు అర చెంచా నుంచి చెంచా తేనె, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి గాని ఊరికే గాని ఇవ్వవచ్చు. ఏడాది లోపు పిల్లలకు ఒక్క చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఉండగల బొటులిజం బాక్టీరియా బీజాలు వాళ్ళ పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుపడేసే విషాన్ని పుట్టిస్తాయి. పెద్దవాళ్ళలో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు తేనె కూడా చక్కెరే.

ఉప్పునీళ్ళు పుక్కిలించడం చవకైన మందు. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తల వెనక్కి వాల్చి గొంతులో గరగరలాడించి ఉమ్మేయాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. 2005లో జపాన్‌లో 387 మందిమీద చూస్తే, రోజూ మామూలు నీళ్ళతో పుక్కిలించినవాళ్ళకు జలుబులు మూడోవంతుకు పైగా తగ్గాయి. ఘాటైన అయోడిన్ ద్రావణం వాడినవాళ్ళకు ఆ లాభం రాలేదు.

ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు పసిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ పనికొస్తాయి. షాపులో సెలైన్ చుక్కలు దొరుకుతాయి. జలనేతి, అంటే ఒక ముక్కులో నీళ్ళు పోసి కడుక్కోవడం, చేసేవాళ్ళు ఒక జాగ్రత్త తప్పకుండా పాటించాలి: నీళ్ళు మరగకాచి చల్లార్చినవై ఉండాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కొళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, మెదడును తినేసే నేగ్లేరియా అనే అమీబా సోకి చనిపోయారు. నోటితో తాగితే ఏమీ చేయని ఆ అమీబా ముక్కు పైభాగం గుండా మెదడును చేరుతుంది.

ఆవిరి పట్టడం గురించి ఖచ్చితంగా చెప్పవలసి ఉంది. పట్టినంతసేపూ హాయిగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. జబ్బు రోజులను అది తగ్గిస్తుందని పరీక్షల్లో తేలలేదు. పొయ్యి మీంచి దించిన గిన్నె, మీద దుప్పటి, లోపల ఉక్కిరిబిక్కిరై కాళ్ళు ఝాడించే పిల్లవాడు. ఆ దృశ్యంలో ప్రమాదం ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. మరిగే నీళ్ళు ఒళ్ళో పడి తొడలూ పొట్టా కాలిన పిల్లలు ఆస్పత్రులకు వస్తూనే ఉన్నారు. పిల్లలకు గిన్నె ఆవిరి వద్దు. స్నానాలగదిలో వేణ్ణీళ్ళు వదిలి, ఆ వెచ్చటి తేమలో బిడ్డను ఎత్తుకుని కాసేపు కూర్చుంటే సరిపోతుంది. పెద్దవాళ్ళు పట్టాలనుకుంటే గిన్నెను కదలని బల్ల మీద పెట్టుకుని, పొయ్యి మీంచి దించిన రెండు నిమిషాల తర్వాత పట్టాలి.

వాము మూట దీనికన్నా మేలు. పెనం మీద గుప్పెడు వాము వేయించి, చిటపటలాడి వాసన రాగానే పల్చటి గుడ్డలో మూటగట్టి, చెయ్యి కాలనంత వేడికి వచ్చాక అరచేతిలో రుద్ది వాసన చూడాలి. ఆ వాసన థైమాల్‌ది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. అమృతాంజనం, విక్స్‌లోని మెంథాల్ చేసేదీ అలాంటి పనే. ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడులను అది తట్టి లేపుతుంది, గాలి దారి నిజానికి ఏమంత వెడల్పు కాదు. ఆ భ్రమతో నిద్ర పడితే తప్పేముంది. అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు, ఆ ఆదాయంతోనే 1908లో అక్కడ ఆంధ్ర పత్రికను స్థాపించారు. తెలుగువారి తలనొప్పులూ పడిశాలూ ఒక పత్రికను పోషించాయన్నమాట.

కర్పూరం సంగతి వేరు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసిబిడ్డ ఛాతీకీ ముక్కు కిందా రాసే ఆచారం మన ఇళ్ళలో ఉంది. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. నోట్లోకి పోతే కొద్దిపాటి మోతాదుకే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు కర్పూరం గాని, అది కలిసిన బామ్ గాని రాయకూడదు. పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్చడం కూడా మానాలి. వాచిన శ్వాసనాళాలకు ఏ పొగైనా పొగే. కషాయాలకూ ఒక హద్దుంది. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు.

మందుల షాపు దగ్గర

జ్వరానికీ ఒళ్ళు నొప్పులకూ పారాసిటమాల్ మంచి మందు. పెద్దవాళ్ళు 500 గాని 650 మిల్లీగ్రాముల గాని మాత్ర, ఆరేసి గంటల ఎడంతో వేసుకోవచ్చు. రోజుకు 4 గ్రాములు ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదు. మద్యం తాగేవాళ్ళకు, కాలేయ జబ్బున్నవాళ్ళకు ఇంకా తక్కువ. జలుబు మాత్రలుగా అమ్మే వాటిలో చాలావరకు పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అది తెలియక జ్వరానికొకటి, జలుబుకొకటి వేసుకునేవాళ్ళు రెట్టింపు మోతాదు మింగుతున్నారు. పిల్లలకు బరువును బట్టి లెక్క: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల పిల్లకు ఒక మోతాదు 100 నుంచి 150 మిల్లీగ్రాములు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. పారాసిటమాల్ సిరప్ సీసాల్లో 5 మిల్లీలీటర్లకు 120 లేక 125 ఉన్నవీ, 250 ఉన్నవీ దొరుకుతాయి. చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100. అందుకని సీసా మీది అంకె చదవకుండా చెంచా ముంచకూడదు. 16 ఏళ్ళ లోపు వాళ్ళకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ముక్కులో వేసే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో దిబ్బడ విప్పుతాయి. ఐదు రోజులు దాటి వాడితే ముక్కు వాటికి అలవాటుపడి, మానగానే మునుపటికన్నా గట్టిగా మూసుకుంటుంది. సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు వైరస్ జలుబుకు పెద్దగా ఉపయోగపడవు, మగత మాత్రం తెస్తాయి. సి విటమిన్ మీద 1970లో లైనస్ పాలింగ్ పుస్తకం రాసినప్పటి నుంచి ఉన్న మోజు ఇంకా తగ్గలేదు. రోజూ వేసుకునే పెద్దవాళ్ళలో జలుబు రోజులు 8 శాతం తగ్గుతాయి, అంటే వారంలో సగం రోజు. పట్టాక మొదలుపెడితే ఆ మాత్రం కూడా లేదు. ఉసిరికాయో జామకాయో తినడం నయం.

దగ్గు సిరప్‌ల మీద మనకున్న నమ్మకం ప్రాణాల మీదికి తెచ్చింది. సిరప్ తీయగా, చిక్కగా ఉండటానికి వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌ల స్థానంలో పరిశ్రమల్లో వాడే డైఇథిలీన్ గ్లైకాల్ చేరితే అది కిడ్నీలను చంపేస్తుంది. అదీ తియ్యగానే ఉంటుంది కాబట్టి నాలుకకు తేడా తెలియదు. 2022లో గాంబియాలో భారత్‌లో తయారైన సిరప్‌లు తాగాక దాదాపు 70 మంది చిన్నారులు చనిపోయారు. 2025 సెప్టెంబరు, అక్టోబరులలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు ఒక దగ్గు సిరప్ తాగి మరణించారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని పరీక్షలో తేలింది, అనుమతించిన హద్దు 0.1 శాతం. మామూలు జలుబు దగ్గులకు, వాటంతటవే పోయే వాటికి, ఆ పిల్లలకు ఆ మందు పట్టారు. ఇది తలుచుకుంటే మనసు కుదురుగా ఉండదు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వవద్దనీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకు సాధారణంగా సిఫారసు చేయడం లేదనీ ప్రకటించింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ళ లోపు వాళ్ళకు వాడరాదని 2023 డిసెంబరులోనే ఆదేశం ఉంది. సిరప్ తాగిన బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, వాంతులు పట్టుకున్నా ఆ సీసాతో సహా ఆస్పత్రికి వెళ్ళాలి.

యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. అజిత్రోమైసిన్ మూడు మాత్రల పట్టీ వేసుకుని తగ్గిందనుకునేవాళ్ళకు నిజానికి తగ్గవలసిన రోజు వచ్చి తగ్గింది. 2023 మార్చిలో ఫ్లూ ప్రబలినప్పుడు భారత వైద్య సంఘం తన డాక్టర్లకే విజ్ఞప్తి చేయవలసి వచ్చింది: జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాలుండవచ్చు, యాంటీబయాటిక్‌లు రాయకండి అని. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే సూదిమందు, పొట్లంలో కట్టి ఇచ్చే చిన్న తెల్లమాత్ర గురించీ చెప్పాలి. అందులో తరచు స్టెరాయిడ్ ఉంటుంది. ఒక్కరోజులో ఒళ్ళు తేలికపడుతుంది, చక్కెర పెరుగుతుంది, అసలు జబ్బు కనపడకుండా లోపల ముదురుతుంది. సూది వేయని డాక్టరు డాక్టరే కాదనే భావన మన ఊళ్ళలో పోవాలి.

పసిబిడ్డకు పడిశం పడితే

నెలల బిడ్డ ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. ముక్కు మూసుకుంటే పాలు తాగలేదు. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసి ఏడుస్తుంది. పాలిచ్చే పది నిమిషాల ముందు ఒక్కో ముక్కులో రెండేసి సెలైన్ చుక్కలు వేసి, మెత్తబడ్డ చీమిడిని రబ్బరు బల్బుతో గాని తడిగుడ్డ కొసతో గాని తీయాలి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలివ్వాలి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే నీళ్ళు, ఆహారం, మందు. వస కొమ్ము అరగదీసి నాకించడం, ఉగ్గుగిన్నెతో కషాయం పోయడం వద్దు. ముక్కులో నూనె చుక్కలు వేయడం అసలు వద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం ప్రేమతో చేసే పనే. పడిశం పట్టిన బిడ్డ ఊపిరికి అది బరువు. దోమల చుట్ట, ఇంట్లో కాల్చే సిగరెట్ కూడా అంతే.

ఊపిరి లెక్కపెట్టడం ప్రతి తల్లికీ రావాలి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఒళ్ళో ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పొట్ట కనపడేలా పడుకోబెట్టాలి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున నిండా ఒక నిమిషం లెక్కించాలి. సగం నిమిషం లెక్కించి రెట్టింపు చేయకూడదు, పసిపిల్లల ఊపిరి ఒక లయలో ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గాని మించి గాని, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40 గాని మించి గాని వస్తే వేగంగా పీలుస్తున్నట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఈ అంకెలతోనే మన ఆశా కార్యకర్తలు న్యుమోనియాను పసిగడతారు. లెక్కతో పాటు డొక్కలు చూడాలి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, అంటే డొక్కలెగరేస్తుంటే, ముక్కుపుటాలు అదురుతుంటే, మూలుగుతుంటే, పాలు తాగడం మానేస్తే, పెదవులు నీలిబారితే, లేపినా లేవకుండా మగతగా పడి ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ ఇలాంటి అర్ధరాత్రుల కోసమే ఉంది. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే మిగతా లక్షణాలు లేకపోయినా డాక్టరుకు చూపించాలి.

పెద్దవాళ్ళు, ఇతర జబ్బులున్నవాళ్ళు

ముసలివాళ్ళకు న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా పేపరు చదివిన మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, తిండి మానేసినా, నడుస్తూ తూలినా ఊపిరితిత్తులు చూపించాలి. వేలికి పెట్టే ఆక్సీమీటరు కరోనా తర్వాత చాలా ఇళ్ళలో ఉంది. అందులో 94 కన్నా తగ్గితే డాక్టరు, 90 కన్నా తగ్గితే నేరుగా ఆస్పత్రి. ఎప్పుడూ తక్కువ ఉండే ఊపిరితిత్తుల రోగులకు ఈ లెక్క డాక్టరే చెప్పాలి. రక్తపోటు ఉన్నవాళ్ళు ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు వేసుకోకూడదు. రక్తపోటుకు రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవాళ్ళలో కొందరికి ఆ మందు వల్లే పొడిదగ్గు వస్తుంది. ఎన్ని సిరప్‌లు తాగినా పోదు, డాక్టరు మందు మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. గర్భిణులకు, చక్కెర, గుండె, ఉబ్బసం జబ్బులున్నవాళ్ళకు ఫ్లూ లక్షణాలు కనిపిస్తే మొదటి 48 గంటల్లోనే డాక్టరును కలవాలి. ఫ్లూ మందు ఆ గడువులో బాగా పనిచేస్తుంది. వీళ్ళు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మంచిది.

ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూడటానికి చేతులు 20 సెకన్లు సబ్బుతో కడుక్కోవడం, మోచేతి మడతలోకి తుమ్మడం, రోగి తువ్వాలు వేరుగా ఉంచడం, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం చాలు. తుమ్మగానే చిరంజీవ అని దీవించడంతో పాటు ముక్కు తుడిచి చేతులు కడగడం కూడా నేర్పాలి.

దగ్గు రెండు వారాలు దాటితే, అది జలుబు తర్వాతి దగ్గే అనిపించినా, కఫం పరీక్ష చేయించుకోవాలి. కఫంలో రక్తపు చార, సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే రెండు వారాలూ ఆగనక్కర్లేదు. క్షయ పరీక్ష, మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఏళ్ళ తరబడి ఈస్నోఫీలియా అని చెప్పుకుని దగ్గుతూ తిరిగేవాళ్ళు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు, వాళ్ళు కూడా వెళ్ళాలి. పరీక్షకు కావలసింది గొంతులోని ఉమ్ము కాదు, గుండెల్లోంచి వచ్చిన తెమడ. పొద్దున లేవగానే నోరు నీళ్ళతో పుక్కిలించి, ఆరుబయటికి వచ్చి, రెండుసార్లు గాలి నిండా పీల్చి వదిలి, మూడోసారి లోతునుంచి దగ్గి, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన డబ్బాలో ఉమ్మి మూత బిగించి, అదే రోజు అందజేయాలి.